సిపాయి లోటా, సంతలోని రూపాయి



మహాయుద్ధములను గూర్చి మనము విను కథలలో సేనానుల వ్యూహములును, కూలిన నగరముల పేళ్లును మెండుగా నుండును గాని, ఆ యుద్ధములయందు నడచిన లక్షలాది సిపాయిలు ఏ గిన్నెతో నీరు త్రావిరో, ఆ గిన్నె ఏ లోహముతో చేయబడినదో, ఆ లోహము నడియుద్ధమున ఎందుకు మారవలసివచ్చినదో చెప్పువారు అరుదు. నేడు ఆ చిన్న వస్తువుతోనే నా ప్రసంగమును ప్రారంభించి, అచ్చటినుండి కర్నూలుసీమయందలి మన కోయిలకుంట్ల సంతకు రాదలచితిని. ఏలయనగా, జర్మను సిపాయి చేతిలోని లోటాను మార్చిన కారణమే, ఇంచుమించు అవే సంవత్సరములయందు, కుందూనది యొడ్డున మన అవ్వలు కొంగున ముడివేసికొన్న రూపాయిని గూడ మార్చినది.

జర్మను సైన్యము 1931వ సంవత్సరమున ఒక నీటిబుడ్డి నమూనాను స్థిరపరచినది. లీటరులో అయిదింట నాలుగు పాళ్ల నీరు పట్టెడి ఆ బుడ్డి, పలుచని అల్యూమినియపు రేకుతో చేయబడి, వెలుపల గోధుమవన్నె గల ఒత్తిన ఉన్నితొడుగును, తోలుపట్టెయు కలిగి, మెడపై ఒక చిన్న లోటాను బోర్లించుకొని, సిపాయి నడుమున వ్రేలాడు సంచికి తగిలింపబడి యుండెడిది. ఆ యున్నితొడుగును తడిపినచో, తడి యారుచున్నంతసేపు లోని నీరు చల్లబడును; చేనికి పోవుచు కుండకు తడిగోనె చుట్టుకొనెడి మన రేగడి సేద్యగానికి ఈ యుపాయమును వేరుగా వివరింప నక్కరలేదు. లోటాయు అల్యూమినియపుదే, దానిపై నల్లరంగు పూసెడివారు. అది త్రాగుటకు మాత్రమే గాక, పిడికెడు పుల్లలు రాజవేసి కాఫీ కాచుకొనుటకును, గడ్డము గీచుకొనువేళ వేడినీళ్లు పెట్టుకొనుటకును పనికివచ్చెడిది. కందకములో రాత్రి గడపవలసిన మనిషికి వంటయిల్లన్నను, పెరడన్నను ఆ గుప్పెడు గిన్నెయే.

1939 సెప్టెంబరులో యుద్ధము మొదలైన తరువాత ఈ లోటా యొక్క పని మారలేదు, రూపమును పెద్దగా మారలేదు. మారినది దాని దేహము. మొదట నల్లరంగునకు బదులు మెరుగులేని ఆకుపచ్చ వచ్చినది. పిమ్మట అల్యూమినియము తప్పుకొని, ఇనుపరేకుపై పింగాణిపూత పూసిన లోటాలు వచ్చినవి. 1943 నాటికి బుడ్డి సహితము అట్టి పూత యినుముతో తయారు కాజొచ్చినది. మరికొన్ని లోటాలు లోహమునే విడిచిపెట్టి బేకలైటుతో, అనగా 1907లో బేకలాండు అను రసాయనవేత్త కనుగొన్న గట్టి జిగురుపదార్థముతో, అచ్చుపోయబడినవి. ఈ మార్పు ఒక్క దినమున ఒక్క ఆజ్ఞతో జరిగినది కాదు. ఏ కర్మాగారమునకు ఏ సరకు దొరకిన దానితో అది చేయుచుండగా, ఒకే పటాలములో ప్రక్కప్రక్కన నిలుచున్న ఇరువురి నడుములకు రెండు విధములైన లోటాలు వ్రేలాడినవి. ఐనను ఆ గందరగోళమునకు ఒక లెక్క కలదు. చాల లోటాలమీద, తయారుచేసినవారి గుర్తులైన రెండు మూడు అక్షరములును, వాటి ప్రక్కన 41 అనియో 43 అనియో సంవత్సరపు కడపటి రెండంకెలును అచ్చొత్తబడి యుండును. అట్టి లోటాలను సంవత్సరముల వరుసను పేర్చి చూచినచో, ఆ రాజ్యపు గిడ్డంగులలో ఏ లోహము ఎప్పుడు అడుగంటినదో తెలియవచ్చును. యుద్ధకాలపు పత్రికాప్రకటనలు విజయములను మాత్రమే చెప్పుచుండిన దినములలో ఈ గిన్నెలడుగున ముద్రింపబడిన అంకెలు నిజము చెప్పుచుండినవని నా యభిప్రాయము.

వాడినవానికి ఈ మార్పు ఎట్లుండెనో కూడ తలపవలెను. పింగాణిపూత యనగా గాజే. గాజుపొడిని నీట కలిపి ఇనుముపై పూసి, 800 డిగ్రీల వేడిమికి సమీపమున కాల్చినచో, అది కరగి ఇనుము నంటిపట్టుకొని నున్నని పొరయగును. అది కొత్తలో ముచ్చటగా నుండును, పులుపునకు లొంగదు, కడుగుట సులభము. కాని బండమీద ఒక్కమారు జారిపడెనా, పూత పెచ్చులుగా నూడును. ఊడినచోట నాలుగు దినములకే ఎఱ్ఱతుప్పు పుట్టును. అంచున నూడినచో పెదవికి గీచుకొనును. పైగా ఇనుము అల్యూమినియముకంటె ఇంచుమించు మూడురెట్లు బరువు. దినమునకు పది కోసులు నడచువానికి తులము తులము లెక్కకు వచ్చును. బేకలైటు లోటా తేలికయే, అందులోని వేడికాఫీ పెదవిని కాల్చదు; కాని దానిని నిప్పులపై పెట్టుటకు వీలులేదు. అనగా మంచులో నిలిచిన సిపాయికి గిన్నె మిగిలినది గాని, అందులో కాచుకొను సౌకర్యము పోయినది. ఏ సేనాధిపతి పటములోను కనబడని ఇట్టి నష్టములను నేను చిన్నవిగా తలపజాలను.

అల్యూమినియము ఏమైనది? ఆకాశమున కెగసినది. విమానపు దేహమునకు తేలికయు, గట్టితనమును గల లోహము కావలెను; అల్యూమినియమునకు కొద్దిగా రాగియు తదితరములును కలిపిన మిశ్రమలోహమే అప్పటికి అందుకు తగినది. ఆ లోహము చవుకగా వచ్చునది కాదు. బాక్సైటు ముడిరాయి నాలుగు టన్నులుండిన గాని అల్యూమినియము ఒక టన్ను రాదు; ఆ ఒక్క టన్నును వేరుపరచుటకు ఆనాడు సుమారు 20,000 యూనిట్ల విద్యుచ్ఛక్తి కర్చయ్యెడిది. కావున లోటాకును, విమానపు రెక్కకును పోటీ వచ్చినప్పుడు లోటా ఓడుట నిశ్చయము. ఇది జర్మనీకి మాత్రమే పట్టిన యవస్థ కాదు. 1940 జూలైలో ఇంగ్లండున విమానోత్పత్తి మంత్రియైన బీవర్‌బ్రూక్ ప్రభువు, గృహిణులు తమ అల్యూమినియపు గిన్నెలను విమానములకై సమర్పింపవలెనని విన్నపము చేయగా, అచ్చటి స్త్రీలు వంటపాత్రలను వీధులలో రాసులు పోసిరి. అమెరికా సైన్యమును 1942లో తన అల్యూమినియపు బుడ్డిని విడిచి, కొంతకాలము పింగాణిపూత యినుమును ప్రయత్నించి, అది నిలువక తుప్పుపట్టని ఉక్కునకు మరలినది.

ఇందులో ఒక విపర్యాసము కలదు. బ్రిటిషు సైన్యమునందును, దాని క్రింద పనిచేసిన భారత సైన్యమునందును, మొదటి యుద్ధకాలమునుండియు నీటిబుడ్డి పింగాణిపూత యినుపదే; నీలిపూత వేసి, ఖాకీ ఉన్నితొడుగు తొడిగినది. తెలుగువారు గూడ చేరియుండిన మద్రాసు సాపర్ల (సైనిక ఇంజనీర్ల) దళములు ఉత్తరాఫ్రికా యిసుకలలోను, ఇటలీ కొండలలోను మోసినది ఆ బుడ్డినే. 1944లో, బర్మా అడవుల తేమను దృష్టియం దుంచుకొని బ్రిటిషువారు క్రొత్త సామగ్రిని సిద్ధపరచినప్పుడు, బుడ్డియు, దాని లోటాయు అల్యూమినియముతో చేయబడినవి. జర్మను సిపాయి అల్యూమినియమునుండి పూత యినుమునకు దిగిన కాలముననే, అతని శత్రువు పూత యినుమునుండి అల్యూమినియమున కెక్కినాడు. అమెరికా ఖండపు నదులపై నిర్మించిన విద్యుత్కేంద్రములు ఎవరి పక్షమున నున్నవో తెలిసికొనుటకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

ఆ జర్మను లోటాతో మనవారు నీరు త్రావలేదని అనుకొనరాదు. సుభాష్‌చంద్ర బోసు 1941 ఏప్రిలులో బెర్లిను చేరిన తరువాత, ఉత్తరాఫ్రికాలో పట్టువడిన భారత సిపాయిలతో స్వతంత్రభారత దళము నొకదానిని కూర్చినప్పుడు, ఆయనకు కుడిభుజమై నిలిచినవాడు హైదరాబాదు నివాసియైన ఆబిద్ హసన్. ఇంజనీరింగు చదువుటకై జర్మనీ పోయిన ఆ యువకుడు, చదువును ప్రక్కనబెట్టి, బందీల శిబిరములకు పోయి సిపాయిలతో మాటాడెను. ‘జైహింద్’ అను పలకరింపు ఆయన సూచించినదే యని ప్రసిద్ధి. 1943 ఫిబ్రవరిలో కీల్ రేవున జలాంతర్గామి యెక్కి బోసుతో కూడ తూర్పునకు ప్రయాణమైన ఏకైక సహచరుడు ఆయనయే. ఆ దళమువారు భుజమున దుముకుచున్న పులిబొమ్మ ధరించినను, ఉడుపును, సామగ్రియు జర్మను సైన్యపువే. స్వదేశము కొరకు ప్రాణమొడ్డి పరాయి దేశపు ఉడుపు తొడిగిన ఆ మనుష్యులను తలచినప్పుడు నాకు గౌరవమును, జాలియు నొక్కటిగా కలుగుచుండును.

ఇక మన యిండ్లకు వత్తము. అల్యూమినియపు పాత్రలు నాటి మన రాజధానియైన మద్రాసులో పుట్టి యప్పటికే నలుబదియేండ్లు దాటినవి. మద్రాసు ఇంజనీరింగు కళాశాలలో ఆచార్యుడైన ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్, 1898లో మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్ కర్మశాలయందు అల్యూమినియపు గిన్నెలు కొట్టించుట మొదలుపెట్టగా, అది లాభసాటియై, పిమ్మట ఒక కంపెనీ చేతికి పోయినది. అయితే రేకు మాత్రము విదేశమునుండియే రావలసియుండెను. ఈ దేశమున అల్యూమినియము కరగదీయుట 1943లో తిరువాన్కూరు నందలి ఆల్వాయి యొద్ద మొదలైనది. అదియు యుద్ధపు తొందరలోనే. కావున మన యూళ్లలో సీమవెండి గిన్నె యనుచు అప్పుడప్పుడే ముచ్చటపడి కొనుచుండిన తపేలా, యుద్ధము రాగానే అంగడినుండి మాయమైనది.

అది పోయిన ఇత్తడి యున్నది గదా యందురేమో. ఇత్తడి రాగియు, తుత్తునాగమును కలిసినది; తుపాకిగుండు తొడుగునకు కావలసినదియు అదే. అంతకంటె పెద్ద చిక్కు కళాయిది. మన సీమలో పులుసు లేని పూట లేదు. చింతపండు పులుసైనను, పుల్లమజ్జిగయైనను ఒట్టి ఇత్తడిలో నుంచినచో చిలుమెక్కి విషమగును. అందువలన ఏడాదికొక తూరియైనను కళాయి పెట్టువాడు వచ్చి, వేపచెట్టు క్రింద గుంట త్రవ్వి, బొగ్గులు పోసి, తోలుతిత్తితో ఊది, గిన్నె ఎఱ్ఱబారుచుండగా నవాసాగరపు పొడి చల్లి, తగరపు కడ్డీని అట్లు తాకించి, దూదియుండతో చుట్టును తిప్పి తుడిచినచో, పొగ తొలగులోపల గిన్నె లోపలిభాగము వెండివలె తెల్లనయ్యెడిది. ఆ దూది మన రేగడి చేలలో పండినదే. తగరము మాత్రము మలయానుండి రావలసియుండెను. 1942 ఫిబ్రవరిలో సింగపూరు జపానువారి వశమైనది. ప్రపంచమునకు తగరము నిచ్చుటలో మొదటిస్థానమున నుండిన మలయా అంతయు వారి చేతికి పోయినది. అచ్చటెక్కడనో ఒక కోట కూలినందున ఇచ్చట కోయిలకుంట్ల తాలూకాలో ఒక గృహిణి పులుసును తిరిగి మట్టికుండకు మార్చుకొనవలసివచ్చుట, దూరదేశపు యుద్ధమనునది లేదని మనకు చెప్పుచున్నది. ఇనుమునకును 1941లో పంపిణీ నిబంధనలు వచ్చినవి. బండిచక్రపు పట్టాకు, నాగటికర్రుకు, గుంటకపాసకు రైతు కచేరీల చుట్టు తిరుగవలసినవాడైనాడు.

కాని మనవారి చేతిలో మారిన లోహములన్నింటిలో ముఖ్యమైనది రూపాయి. దానిని గూర్చి కొంచెము నిలిచి చెప్పెదను.

వెండి రూపాయి బరువు 180 గ్రెయిన్లు, అనగా సరిగా ఒక తులము. కంసాలి త్రాసులో దానినే రాయిగా వేసికొనెడివాడు. ‘రూపాయి యెత్తు’ అనిన అందరికి తెలిసిన తూనిక. ఆ 180లో 165 గ్రెయిన్లు మేలిమి వెండి, తక్కినది రాగి. ఫ్రాన్సు దేశము 1940 జూనులో లొంగిపోయిన వార్త రాగానే, ఈ దేశమున జనులు కాగితపు నోట్లను ఇచ్చివేసి రూపాయిలను దాచుకొనసాగిరి. ప్రభుత్వము భయపడి, అవసరమునకు మించి నాణెములు కూడబెట్టుట నేరమని శాసించి, ఒక్క రూపాయి నోటును మరల ప్రవేశపెట్టినది. ఆ సంవత్సరమే రూపాయి దేహమును మార్చినది. క్రొత్తరూపాయిలో నూటికి 50 పాళ్లు వెండి, 40 రాగి, 5 నికెలు, 5 తుత్తునాగము. బరువు అదే 180 గ్రెయిన్లు. వెండి మాత్రము 165నుండి 90కి దిగినది. దొంగనాణెముల వారిని అడ్డుటకు అంచున గాడి తీసి సన్నని పని చేసిరి. ముఖమున మునుపటివలెనే కిరీటధారియైన ఆరవ జార్జి చక్రవర్తి.

త్రాసున వేసిన తులము తూగును. కంటికి రాజుముఖము కనబడును. ఇక పరీక్షించుటకు మిగిలినది చెవి. మన కర్నూలుసీమలో నాపరాతి అరుగు లేని అంగడి యుండెడిది కాదు. రూపాయిని బొటనవ్రేలి గోటిపైనుండి ఎగురగొట్టి ఆ రాతిపై పడనిచ్చినచో, పాతరూపాయి గంటవలె చాలసేపు మ్రోగి, ఆ మ్రోత సన్నగిలి ఆగెడిది. క్రొత్తది టక్కున పడి చాలించెడిది. శెట్టి దానిని రెండుసార్లు వేసి చూచి, “ఇది మోగల్యా అవ్వా, పాతదుంటే ఇయ్యి” అని త్రిప్పి యిచ్చుటయు, “రాజు మొగం ఉండాది కదప్పా, సర్కారోళ్లిచ్చిందే” అని ఆమె వాదించుటయు ఆ దినములలో సంతలయందు సామాన్యమని పెద్దలవలన విన్నాను. ఆ వాదమున ఇద్దరును సత్యమే పలికిరి.

పాత రూపాయిలు ఒక్కొక్కటిగా చెల్లుబడి కోలుపోయినవి. విక్టోరియా రాణి రూపాయిలు 1941లోను, ఎడ్వర్డు రూపాయిలు 1942లోను, అయిదవ, ఆరవ జార్జిల మేలిమి వెండి రూపాయిలు 1943లోను వ్యవహారమునుండి తొలగింపబడినవి. ఆజ్ఞలు గెజెటులో అచ్చుపడినవి, గడువును ఇచ్చిరి. రహస్యముగా జరిగినదేమియు లేదు. కాని గెజెటు చదువువా రెందరు? బ్యాంకి యెరుగని పల్లెలలో, కరవు సంవత్సరమునకని గోడలోనో పొయ్యివెనుకనో ముంతలో పాతిపెట్టిన రాణి రూపాయిలే కుటుంబపు భరోసా. గడువులోగా వానిని తీసి యిచ్చినవారికి సగము వెండి రూపాయి యైన దొరకినది, లేనిచో కాగితము. గడువు దాటినవారికి వెండి మిగిలినది గాని, నాణెమను విలువ పోయినది. సుగాలి స్త్రీలు కుట్టుకొన్న రవికలపైని నాణెములు మాత్రము ఎవరి యాజ్ఞకును కదలలేదు.

చిన్ననాణెముల కథయు ఇట్టిదే. నికెలు కవచపు ఉక్కునకు పోగా, 1942నుండి అణాలు, బేడలు పసుపుపచ్చని ఇత్తడివన్నెతో వచ్చినవి. 75 గ్రెయిన్లు తూగెడి రాగి కాణి, 1943లో నడుమ రంధ్రముతో 30 గ్రెయిన్లకు చిక్కిపోయినది. చిల్లికాణి యనుచు మనవారు దానిని వేళాకోళము చేసినను, త్వరలోనే దానికి ఉపయోగములు కనిపెట్టిరి. బండి కీలలకు వాషరుగా వేసిరి, పిల్లల మొలతాటికి గ్రుచ్చిరి. యుద్ధము తినివేసిన రాగి పరిమాణము ఆ రంధ్రము రూపమున పసివాని నడుమున వ్రేలాడినది.

ఇచ్చటనే నేను చెప్పదలచిన మాట యున్నది. జర్మను సిపాయి లోటా మారినప్పుడు ఆ మార్పు దాచబడలేదు. ఇనుము ఇనుమువలె బరువుగా నుండినది, బేకలైటు బేకలైటువలె కనబడినది, అడుగున సంవత్సరమును ఉండినది. అతడు తన రాజ్యపు లేమిని ప్రతిదినము చేతితో తూచి తెలిసికొనగలిగెను. మన రైతునకు ఆ మాత్రపు మర్యాదయు జరుగలేదు. తాను కోరని యుద్ధమునకు, తన్నడుగక తన దేశమును దింపిన ప్రభుత్వము, తన కష్టార్జితములోని వెండిని ఇంచుమించు సగము తీసికొని, బరువును, ముఖమును, పేరును యథాతథముగా నుంచినది. యుద్ధమునకు లోహము కావలెననుట నిజమే. దాచుకొనుట హెచ్చగా చిల్లర కరవైనదనుటయు నిజమే. ఐనను భారము ఎవరిపై పడినదను ప్రశ్నకు సమాధానము మారదు.

కోయిలకుంట్ల వారికి ఖజానా యనిన ఏమో చెప్పనక్కరలేదు. 1846 జూలైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి అనుచరులతో వచ్చి కొట్టినది ఈ యూరి ఖజానానే; 1847 ఫిబ్రవరి 22న ఆయనను ఉరిదీసినదియు ఈ యూరనే. తాతతండ్రుల నాటి భరణమును నిరాకరించిన ఈస్టిండియా కుంపిణీపై ఆయన తిరుగబడినప్పుడు, జొన్నకంకిని రూపాయిగా మార్చి కిస్తు కట్టలేక నలిగిన రైతులు ఆయన వెంట నడచిరి. ఆ రూపాయికే నూరేండ్ల తరువాత ఈ గతి పట్టినది.

ఆ వెండి తుదకు ఎచ్చటికి పోయినదో చెప్పి ముగించెదను. యుద్ధకాలమున అమెరికా మన దేశమునకు 22 కోట్ల 60 లక్షల ఔన్సుల వెండిని అప్పుగా నిచ్చినది. యుద్ధానంతరము దానిని వెండిరూపముననే తీర్చవలసియుండెను. అందులకై 1947లో వెండి లేశమును లేని నికెలు రూపాయి, వెనుక పులిబొమ్మతో, ముద్రింపబడినది. సగము వెండి రూపాయిలు జనులవద్దనుండి తిరిగి తీసికొనబడి, కరగింపబడి, అందలి వెండి వేరుచేయబడి, ఆ ఋణమునకు జమకట్టబడినది. మన సంతలలో మ్రోగక తిరిగి వచ్చిన నాణెమందలి యా కొద్దివెండియు సముద్రము దాటినది.

శ్రోతలలో ఎవరి యింటనైనను పటాలమునుండి తెచ్చిన నీటిబుడ్డి గాని, పెచ్చులూడిన పింగాణి లోటా గాని, సగము వెండి రూపాయి గాని, చిల్లికాణి గాని యున్నయెడల, పాతసామానుల వానికి వేయక మునుపు వెలుతురులోనికి తెచ్చి సంవత్సరమును చదువుడు. లోటా అయినచో అడుగునను, నాణెమైనచో అంచునను గూడ చూడుడు. అది ఎవరి చేతిదో, ఏ యూరినుండి వచ్చినదో ఇంటి పెద్దల నడిగి, ఒక చీటిపై వ్రాసి దానితో కూడ నుంచుడు. ఆ సంగతులు తెలిసి చెప్పగలవారు ఇంకను మన యిండ్లలో ఉన్నప్పుడే ఆ పని కావలెను.